డ్రాగ్ కారుకు క్రౌన్ పినియన్ ఎంచుకోవడం ఎలా?

నమస్కారం. ఒంగోలులో మా షెడ్డు నుంచి మాట్లాడుతున్నాను. డ్రాగ్ కారు, అంటే 402 మీటర్ల నేరు పరుగు పందెం కారు, కట్టుకునే కుర్రాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "అన్నా, ఎంత రేషియో వేయమంటారు?" నేను తిరిగి రెండు అడుగుతాను. గీత దాటేటప్పుడు ఇంజను ఎంత ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) మీద ఉండాలి? వెనక టైరు ఎత్తు ఎంత?

వెనక యాక్సిల్‌లో ఉండే పెద్ద పళ్ల చక్రం క్రౌన్, దాన్ని తిప్పే చిన్నది పినియన్. క్రౌన్ పళ్లను పినియన్ పళ్లతో భాగిస్తే వచ్చేదే రేషియో. 41కి 10 అయితే 4.10. చీమకుర్తి గ్రానైటు టిప్పర్లు బాగుచేసే మెకానిక్కులకు ఇది కొట్టిన పిండి. రాయి వేసుకుని క్వారీ గోతిలోంచి పైకి రావాలంటే పెద్ద రేషియో కావాలి. మన కారుకూ కదలడానికి అదే బలం కావాలి, కాకపోతే 402 మీటర్ల చివర ఇంజను ఊపిరి సరిపోవాలి.

లెక్క చూడండి. 28 అంగుళాల టైరు, టాప్ గేరు నేరుగా 1కి 1, చివరి వేగం గంటకు 180 కిలోమీటర్లు అనుకుందాం. 4.10తో ఇంజను సుమారు 5,500 ఆర్‌పీఎం దగ్గర ఉంటుంది. 4.56తో 6,100. మీ ఇంజను గరిష్ఠ శక్తి 6,000 దగ్గర వస్తే 4.56 సరిపోతుంది. లేదా 4.10 అలాగే ఉంచి 26 అంగుళాల టైరు వేసినా 5,900 వస్తుంది. అందుకే టైరు సైజు తేల్చుకోకుండా క్రౌన్ కొనకండి. 4.56లో పినియన్‌కు 9 పళ్లే ఉంటాయి, అది కొంచెం బలహీనం కూడా.

ఇక బలం సంగతి. ఈ యాక్సిల్ షాఫ్టు చూడండి, కెమెరా దగ్గరికి తెస్తున్నాను. స్ప్లైన్లు, అంటే షాఫ్టు చివర చుట్టూ ఉండే పళ్ల గీతలు, నిటారుగా ఉండాలి. ఇవి తాడు పురిలా పక్కకు తిరిగాయి. ఇది నా కారుదే. 400 న్యూటన్ మీటర్ల ఇంజను, మొదటి గేరు 2.5, క్రౌన్ 4.10 అనుకోండి: వెనక చక్రాలకు 4,100 న్యూటన్ మీటర్లు చేరుతుంది. క్లచ్ ఒక్కసారిగా వదిలితే ఆ దెబ్బ ఇంకా ఎక్కువ. 31 స్ప్లైన్ల షాఫ్టు కంటే 35 స్ప్లైన్లది దాదాపు ఒకటిన్నర రెట్లు బలమైనది. డబ్బు ముందు ఇక్కడ పెట్టండి.

ఫోర్డ్ 9 అంగుళాల హౌసింగ్‌ను, అంటే ఈ గేర్లు కూర్చునే వెనక యాక్సిల్ పెట్టెను, ఇన్నేళ్లుగా వాడుతున్నారంటే కారణం ఉంది. పినియన్ కొనకు కూడా ఒక బేరింగు ఆసరా ఉంటుంది, పైగా గేర్లన్నీ ముందువైపు నుంచి ఒకే ముద్దగా బయటికి వస్తాయి. స్పూల్, అంటే డిఫరెన్షియల్ బదులు రెండు యాక్సిళ్లనూ ఒకటిగా బిగించే ముక్క, మాత్రం ట్రాక్ కారుకే వేయండి. రెండు చక్రాలూ కలిసే తిరుగుతాయి కాబట్టి ఊళ్లో మలుపు తిప్పితే టైరు ఈడ్చుకుపోతుంది. పరుగు కూడా ట్రాక్ మీదే. జాతీయ రహదారి మీద వద్దు, అక్కడ ఎదుటి కుటుంబానికి మీ లెక్క తెలియదు.

బిగించాక క్రౌన్ పళ్లకు పసుపు రంగు మార్కింగు పేస్టు పూసి తిప్పండి. ముద్ర పంటి మధ్యలో పడాలి. అంచుకు జారితే షిమ్ (సందు సరిచేసే పలుచని రేకు) మార్చాలి. క్రౌన్ ఆట, అంటే క్రౌన్, పినియన్ పళ్ల మధ్య వదులు, సాధారణంగా 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్లు, అయినా తయారీదారు రాసిన అంకెనే పాటించండి. తరవాత గేర్ ఆయిల్ పోసి ఇరవై నిమిషాలు నెమ్మదిగా నడిపి, హౌసింగ్ పూర్తిగా చల్లారే వరకు ఆపి ఉంచండి. మొదటి లాంచ్, అంటే గీత మీంచి పూర్తి బలంతో దూకించడం, ఆ తరవాతే.