పాదాల డాక్టరు, తాకని వాద్యం

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం మీకు పరిచయం చేయబోతున్నది శామ్యూల్ హాఫ్‌మన్. 1903లో న్యూయార్క్‌లో పుట్టారు. పగలు రోగుల పాదాలకు వైద్యం చేసేవారు. రాత్రయితే హాల్ హోప్ అనే మారుపేరుతో వయొలిన్ పట్టి వేదిక ఎక్కేవారు. 1930లలో ఆయనకు బాకీపడ్డ ఒకరు డబ్బుకు బదులు థెరమిన్ ఇచ్చి చేతులు దులుపుకున్నారు. బాకీ కింద గేదెను తోలుకుపోయిన కథలు మనం విన్నాం గానీ, ఇలాంటి జమ ఎక్కడా వినలేదు.

లెవ్ థెరమిన్ అనే రష్యన్ శాస్త్రవేత్త 1920 ప్రాంతంలో తయారుచేసిన వాద్యం అది. చెక్కపెట్టె, నిలువుగా ఒక కడ్డీ, పక్కన ఒక లోహపు చుట్టు. లోపలి రెండు ఆసిలేటర్లు, అంటే విద్యుత్ కంపనాలు పుట్టించే సర్క్యూట్లు, చెవికి అందనంత వేగంగా కంపిస్తుంటాయి. కడ్డీ దగ్గరకు చెయ్యి తెస్తే ఒకదాని కంపనం మారుతుంది. రెండింటికీ మధ్య వచ్చే తేడాయే మనకు స్వరమై వినిపిస్తుంది. రెండో చెయ్యి చుట్టుకు దగ్గరైతే ధ్వని తగ్గుతుంది. మెట్లు లేవు, తీగలు లేవు. ఊపిరి గట్టిగా పీల్చినా శ్రుతి చెదురుతుంది. ఈల వేయగలిగినవారెవరైనా దీన్ని వాయించవచ్చని అమెరికా రేడియో సంస్థ ఆర్‌సీఏ ప్రకటించి, సుమారు 500 తయారుచేసి నష్టపోయింది. ఈల సంగతేమో గానీ, హాఫ్‌మన్‌ను ఆదుకున్నది వయొలిన్. దానికీ మెట్లుండవు కదా, స్వరస్థానాన్ని చెవితోనే వెతుక్కోవడం ఆయనకు అలవాటే.

1941లో ఆయన లాస్ ఏంజిలస్ చేరారు. సంగీతానికి స్వస్తి చెప్పినట్లే అనుకున్నారు, అయినా అక్కడి సంగీతకారుల సంఘంలో పేరు నమోదు చేసుకున్నప్పుడు థెరమిన్ అని కూడా రాయించారు. హిచ్‌కాక్ తీస్తున్న ‘స్పెల్‌బౌండ్’కు వింత నాదం కోసం వెతుకుతున్న సంగీత దర్శకుడు మిక్లోష్ రోజాకు ఆ ఒక్క మాటే దారి చూపింది. 1945లో సినిమా వచ్చింది, రోజా సంగీతానికి ఆస్కార్ వచ్చింది. ఆరేళ్ల తర్వాత ‘ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్’లో పళ్లెం ఆకారపు నౌక వాషింగ్టన్‌లో దిగినప్పుడూ థెరమిన్లు మోగాయి. ఇక దెయ్యానికీ గ్రహాంతరవాసికీ ఆ ధ్వనే గుర్తయింది. సినిమావాళ్లు ఆ వాద్యాన్ని భయానికి కట్టేశారని నా ఫిర్యాదు.

అది ఎంత మెత్తగా పాడగలదో తెలియాలంటే 1947 నాటి ‘మ్యూజిక్ అవుట్ ఆఫ్ ద మూన్’ అనే రికార్డు వినాలి. స్వరకర్త హ్యారీ రెవెల్, బృందాన్ని నడిపినవారు లెస్ బాక్స్‌టర్, థెరమిన్ మన డాక్టరుగారిది. 1969 జులైలో అపోలో 11లో చంద్రుడి నుంచి తిరిగివస్తూ నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ వెంట తెచ్చుకున్న టేపు పెట్టారు. అందులో ఈ పాటలూ ఉన్నాయి. హాఫ్‌మన్ మాత్రం 1967లోనే కన్నుమూశారు.

ఇప్పుడు ఆ రికార్డులోంచి ఒక ముక్క వినిపిస్తాను. దయచేసి ఆ ఫ్యాన్ ఆపండి.