పాజిటివ్ అన్నంత మాత్రాన సరిపోదు

వేదిక మీది పెద్దలకు, లాయంలో పనులు ఆపుకుని వచ్చిన ట్రైనర్లకు, గుర్రాలను చూసుకునే సైసులకు, పశువైద్యులకు, పందెం కాసే మిత్రులకు నమస్కారం. ఆహ్వానపత్రంలో నా అంశం ‘గుర్రప్పందేల్లో పారదర్శకత’ అని అచ్చయింది. అంత పెద్ద మాట నేను మోయలేను. గుర్రం నమూనాలో మందు దొరికిందనగానే ట్రైనర్‌ని దొంగ అనేస్తున్నాం కదా, అనేముందు అడగాల్సిన నాలుగు ప్రశ్నల గురించి మాట్లాడతాను. ఏ మందు? ఎంత? ఎప్పుడు? ఏ దారిన ఒంట్లోకి వెళ్లింది?

ప్రేక్షకుల స్టాండులో వినపడే లెక్క వేరు. ‘ఈ ట్రైనర్ వంద పందేలకి ముప్పై కొడుతున్నాడు, ఏదో పెడుతున్నాడు’ అంటారు. మంచి గుర్రాలు చేతిలో ఉండి, ఏ గుర్రాన్ని ఏ పందెంలో దించాలో తెలిసినవాడికి శాతం పెరగక ఏమవుతుంది? మీకు నిజంగా అనుమానం ఉంటే వేరే లాయాల నుంచి వచ్చిన గుర్రాలను చూడండి. చేతులు మారిన రెండు మూడు వారాల్లోనే అవి ఒకదాని తర్వాత ఒకటి వేరే గుర్రాలైపోతుంటే, పందేల నియమాలు అమలు చేసే స్టీవార్డులు ఆ లాయానికి చెప్పాపెట్టకుండా వెళ్లాలి. వెళ్లి నమూనాలు తీయాలి. అంతవరకూ అది అనుమానమే.

ఇక మెడీనా స్పిరిట్ సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, గడియారం చూడకండి. అమెరికాలో పేరున్న కెంటకీ డెర్బీ పందెంలో 2021లో ముందుగా గీత దాటిన గుర్రం. ట్రైనర్ బాబ్ బాఫర్ట్. రక్తంలో బీటామెథసోన్ దొరికింది, మిల్లీలీటరుకు 21 పికోగ్రాములు. పికోగ్రామంటే గ్రాములో లక్ష కోట్లో వంతు. గుర్రం ఒంట్లో 50 లీటర్ల రక్తం ఉందనుకోండి, మొత్తం రక్తంలో ఉన్న మందు సుమారు ఒక మైక్రోగ్రాము. సన్న ఉప్పు పలుకు ఒక్కటి దానికంటే ఎన్నో రెట్లు బరువు ఉంటుంది. ఈ మోతాదుతో గుర్రం గెలిచిందని ఎవరైనా అంటే నేను నమ్మను.

కానీ నిబంధన అడిగేది గెలిపించిందా లేదా అని కాదు. పందెం రోజున ఆ మందు ఒంట్లో ఉండకూడదు, అంతే. బీటామెథసోన్ వాపు తగ్గించే స్టెరాయిడ్. కీలులోకి ఎక్కిస్తే నొప్పి తెలియదు; నొప్పి తెలియని గుర్రం పగులుబారిన ఎముక మీద కూడా పూర్తి బరువు వేసి పరిగెడుతుంది. కాలు విరిగితే జాకీ కూడా కిందపడతాడు. అందుకే కీలు ఇంజెక్షన్‌కీ పందేనికీ మధ్య 14 రోజుల ఎడం ఉండాలని అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ నియమం పెట్టారు.

బాఫర్ట్ మొదటి రోజు ఏమన్నారు? ఆ మందు మా గుర్రానికి ఎప్పుడూ ఇవ్వలేదన్నారు. రెండు రోజులకు, చర్మవ్యాధికి ఓటోమాక్స్ అనే లేపనం పూశామన్నారు. ఆ లేపనం డబ్బా మీదే బీటామెథసోన్ వాలరేట్ అని రాసి ఉంటుంది! కీలులోకి ఎక్కించే ఇంజెక్షన్‌లో ఉండేది ఎసిటేట్ రూపం. మూత్రపరీక్షలో వాలరేట్ రూపమే తేలిందని తర్వాత ఆయన న్యాయవాదులు చెప్పారు. అయినా 2022 ఫిబ్రవరిలో గెలుపు రద్దయింది, ఆయనకు 90 రోజుల సస్పెన్షన్, 7,500 డాలర్ల జరిమానా పడ్డాయి. నన్నడిగితే ఆ 21 పికోగ్రాముల కన్నా ‘ఎప్పుడూ ఇవ్వలేదు’ అన్న మాటే ఆయన పరువుకు ఎక్కువ చేటు చేసింది. చికిత్స రిజిస్టరులో లేపనాలు కూడా రాసి, మాట్లాడేముందు ఆ పుట తిరగేసి ఉంటే ఆ మాట నోట రాదు.

ట్రైనర్లూ, మీలో ఎంతమంది రిజిస్టరులో లేపనం రాస్తున్నారు? చేతులెత్తమని ఇబ్బంది పెట్టనులెండి.

పూత మందులే కాదు, మందు పాకే దారులు ఇంకా ఉన్నాయి. మందు వాడిన గుర్రం మూత్రంతో తడిసిన పరుపుగడ్డిని అదే గుర్రం మళ్లీ తింటుంది. ఫ్లూనిక్సిన్ లాంటి నొప్పి మందులు ఇలా తిరిగి ఒంట్లోకి చేరతాయి. పశువైద్యుడు లెక్క కట్టిన గడువు దాటినా నమూనాలో కనిపిస్తాయి. కాబట్టి మందు ఆపిన రోజే గడ్డి మొత్తం తీసేసి, తొట్టి కడగాలి. మందు తీసుకుంటున్న సైసు గుర్రపుశాలలో మూత్రం పోస్తే ఆ మందు కూడా గుర్రంలో దొరుకుతుంది. మందు కలిపిన బకెట్‌ను రంగు పూసి వేరుగా ఉంచాలి. కెఫీన్ కూడా నమూనాలో తేలుతుంది కాబట్టి కాఫీ కప్పులు తొట్టి దగ్గరికి రాకూడదు. దాణా బస్తా తెరిచిన ప్రతిసారీ దాని బ్యాచ్ నంబరు రాసి, ఓ గుప్పెడు సంచిలో కట్టి దాచాలి. 2020 అక్టోబరులో ప్యారిస్‌లో ఆర్క్ అనే పెద్ద పందేనికి ముందు దాణాలో జిల్పటెరాల్ ఉందని బయటపడి, ఐర్లండ్ ట్రైనర్ ఎయిడన్ ఓబ్రయన్ తన నాలుగు గుర్రాలనూ ఆ పందెం నుంచి వెనక్కి తీసుకున్నారు. జిల్పటెరాల్ పశువుల్లో కండ పెంచే మందు. తప్పు చేసిందెవరో గానీ పందెం పోయింది ఈయనకి.

ఇదంతా విని, ‘అయితే అందరూ అమాయకులే’ అనుకోకండి. 2020 మార్చిలో అమెరికాలో జేసన్ సర్విస్, జోర్జ్ నవారో అనే ట్రైనర్ల మీద గుర్రాలకు మందులు పెట్టారని కేసులు పెట్టారు. వాళ్లను పట్టించింది ప్రయోగశాల కాదు, ఫోను సంభాషణల నిఘా. వాళ్లు వెతుక్కున్నది పరీక్షలకు దొరకని సరుకు. నవారోకు ఐదేళ్లు, సర్విస్‌కు నాలుగేళ్లు జైలు. పరీక్ష నెగటివ్ వస్తే లాయం శుభ్రమని కూడా చెప్పలేం మరి. 2013లో ఇంగ్లండ్‌లోని న్యూమార్కెట్‌లో మహమూద్ అల్ జరూనీ అనే ట్రైనర్ లాయంలో కండ పెంచే స్టెరాయిడ్లు దొరికింది పందెం రోజు కాదు, శిక్షణలో ఉన్న గుర్రాల్లో. ముందు 11 గుర్రాల్లో బయటపడింది; ఆయన్ను ఎనిమిదేళ్లు నిషేధించారు. కండ పెరిగాక మందు ఆపేస్తే పందెం నాటికి రక్తంలో ఏమీ మిగలదు. జూలు వెంట్రుకల్లో మాత్రం కొన్ని మందుల జాడ నెలల తరబడి నిలుస్తుంది. పరీక్షల డబ్బులో ఎక్కువ భాగం అటు మళ్లించమని స్టీవార్డులను బతిమాలుకుంటున్నాను.

నమూనా తీసే పద్ధతి మీకు తెలిసిందే: గుర్రం గుర్తింపు చిప్ నంబరు సరిచూస్తారు, కొత్త గ్లవ్స్ వేసుకుంటారు, రెండు సీసాల్లో పోసి సీలు వేస్తారు, మీ మనిషి సంతకం పెడతాడు. ఆ మనిషిగా కొత్త కుర్రాణ్ని పంపకండి. సీలు నంబరు కాగితం మీది నంబరుతో కలిసిందో లేదో సంతకానికి ముందే చూడగలిగినవాణ్ని పంపండి, తర్వాత లబోదిబోమంటే లాభం లేదు.

మీ గుర్రం నమూనాలో మందు దొరికిందని నోటీసు వచ్చిన రోజు విలేకరులు ఫోన్ చేస్తారు. ‘విచారణ జరుగుతోంది’ అని ఒక్క ముక్క చెప్పి పెట్టేయండి. మందుల అలమరా తాళం వేసి, పశువైద్యుడి బిల్లులు తెప్పించండి. లేపనాలు, షాంపూలు, ఈగల మందులతో సహా ప్రతి డబ్బా మీది పదార్థాల పట్టీ ఫోటో తీయండి. దాచిన దాణా సంచులకు సీలు వేయండి. రెండో సీసా పరీక్షకు అభ్యర్థన ఇవ్వండి. దానికి గడువుంటుంది, నోటీసులో తేదీ చూసుకోండి.