మన సినిమా ఫెస్టివల్‌లో ఎందుకు పడలేదు?

[దృశ్యం: కృష్ణానగర్, టీ కొట్టు, సాయంత్రం]

"అన్నా, మా షార్ట్ ఫిల్మ్ చూసిన వాళ్లందరూ ఏడ్చారు. ఫెస్టివల్ వాళ్లే తీసుకోలేదు."

కృష్ణానగర్‌లో ఈ మాట అననివాళ్లు తక్కువ. నేనూ అన్నాను. తర్వాత ఒక చిన్న ఫెస్టివల్‌కి వచ్చిన సినిమాలు చూసిపెట్టే పనిలో కూర్చున్నాక అసలు సంగతి తెలిసింది.

[స్క్రీన్ మీద: 4,410]

అమెరికాలోని సన్‌డాన్స్ ఫెస్టివల్‌కి 2024లో వచ్చిన పూర్తి నిడివి చిత్రాలు ఇన్ని. వేసినవి వందలోపే. ఇన్నింటినీ ప్రోగ్రామర్లు, అంటే ఫెస్టివల్‌లో ఏవి వేయాలో తేల్చేవాళ్లు, మొదటి నుంచీ చూడలేరు. ముందు ప్రీ-స్క్రీనర్లు చూసి మార్కులు వేసి, నాలుగు ముక్కలు రాస్తారు. ఆ రాత చదివి ప్రోగ్రామర్లు కూర్చుంటారు. ఇక్కడో తమాషా ఉంది. అందరూ ఆరు మార్కులు వేసిన సినిమాని ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఒకరు తొమ్మిది, ఒకరు రెండు వేశారంటే మాత్రం గదిలో గొడవ మొదలవుతుంది. అప్పుడు దాన్ని మళ్లీ వేసి చూస్తారు.

డ్రోన్‌లో కేబుల్ బ్రిడ్జి, ఆ తర్వాత రెండు నిమిషాల టైటిల్స్... ఇలా మొదలయ్యేవి ఎన్ని చూశానో! మాట సరిగ్గా వినబడకపోతే ఇంకా కష్టం.

[దృశ్యం: గోడ మీద రంగురంగుల చీటీలు]

అసలు పేచీ ఇక్కడ. ప్రోగ్రామర్ ఒక్కో సినిమాకి ర్యాంకు ఇవ్వడు, ఒక ఆటని, అంటే ఒక షోని, పేరుస్తాడు. షార్ట్ ఫిల్మ్స్ షో తొంభై నిమిషాలు అనుకోండి. ముప్పై నిమిషాల సినిమా ఒకటి పెడితే, పది నిమిషాలవి మూడు బయటికి పోతాయి. ఆ మూడింటికన్నా అది గొప్పగా ఉండాలి. నాన్న చనిపోయిన కథలు ఐదు వస్తే, ఐదూ బాగున్నా నిలిచేది ఒకటే. మిగతా నాలుగూ చెడ్డవి కావు, పాపం. ప్రేక్షకులెవరన్నదీ లెక్కే. మన హైదరాబాద్‌లో జరుగుతూ వచ్చిన బాలల చిత్రోత్సవం 'గోల్డెన్ ఎలిఫెంట్' లాంటి చోట, హాల్లో కూర్చునేది పిల్లలని మర్చిపోయి సినిమాలు ఎంచితే కుదరదు.

ఇంకోటి, ప్రీమియర్, అంటే తొలి ప్రదర్శన. ఫ్రాన్స్‌లోని కాన్ ఫెస్టివల్ పోటీకి వెళ్లాలంటే సినిమా అంతకుముందు ఇంటర్నెట్‌లోకి వచ్చి ఉండకూడదు. ముందే యూట్యూబ్‌లో పెట్టేసి తర్వాత నియమాలు చదివేవాళ్లు మనలో చాలామందే.

ఒక నిజం కూడా చెప్పుకోవాలి: అన్నీ దరఖాస్తుల్లోంచే రావు. ప్రోగ్రామర్లు వేరే ఫెస్టివల్స్ తిరుగుతారు, నచ్చినవాటిని పిలిచి తెచ్చుకుంటారు. గోవాలో జరిగే మన అంతర్జాతీయ చిత్రోత్సవం ఇఫీలో భారతీయ సినిమాల విభాగం ఇండియన్ పనోరమాది ఇంకో దారి. 1978లో మొదలైన ఆ విభాగానికి సినిమాలు ఎంచేది జ్యూరీ.

[దృశ్యం: మళ్లీ టీ కొట్టు]

"ఇంతకీ తమ్ముడూ, నీది ఎన్ని నిమిషాలు?"

"ముప్పై నాలుగు, అన్నా."

"టైటిల్స్?"

"అవి కాకుండా."