కల్దారు రూపాయి, హాలీ రూపాయి: వెండి ఎంత, విలువ ఎంత?

శ్రోతలకు నమస్కారం.

వరలక్ష్మీ వ్రతం నాడు కలశం ముందు పెట్టే వెండి రూపాయిలు చాలా ఇళ్లలో ఉంటాయి. వ్రతం అయిపోగానే మళ్లీ బీరువాలోకి వెళ్తాయి. వాటిని చూసిన ప్రతివాళ్లూ రెండు మాటలు అడుగుతారు: ఇందులో వెండి ఎంతుంది, అమ్మితే ఎంతొస్తుంది? మొదటిది త్రాసు తేలుస్తుంది. రెండోదానికి భూతద్దం కావాలి.

ముందు ఇంగ్లీషు దొరల రూపాయి సంగతి చూద్దాం. నిజాం ఇలాకాలో దీన్ని కల్దారు అనేవారు. 1835 నుంచి దీని బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. మన పాత తులం సరిగ్గా ఇంతే. తులమంటే పది గ్రాములనడం ఈమధ్య అలవాటు. ఇందులో నూటికి 91.7 పాళ్లు వెండి, మిగిలింది రాగి. ఆ లెక్కన కొత్త బిళ్లలో అసలు వెండి 10.69 గ్రాములు. విక్టోరియా రాణి రూపాయిలోనూ, బోడితల ఎడ్వర్డు రూపాయిలోనూ, అయిదో జార్జి రూపాయిలోనూ ఇదే పాళ్లు.

యుద్ధకాలంలో వెండికి కరువొచ్చింది. 1940 నుంచి 1945 వరకు పోసిన ఆరో జార్జి రూపాయిల్లో వెండి సగమే. 50 పాళ్లు వెండి, 40 రాగి, అయిదు నికెల్, అయిదు జింకు. బరువు మాత్రం మార్చలేదు, అందుకే చేత్తో తూచి తేడా చెప్పలేం. అంచు చూడండి: పాత రూపాయికి ఉత్త గీతలు, వీటికి గీతల మధ్యలో చుట్టూ ఒక గాడి. ఇక 1947 రూపాయిల్లో వెండి అసలే లేదు. అవి నికెల్ బిళ్లలు, అయస్కాంతానికి చటుక్కున అంటుకుంటాయి. 1947 తేదీ చూసి స్వాతంత్ర్యం నాటి వెండి రూపాయి అని ఎవరైనా అమ్మజూపితే ఓ అయస్కాంతం దగ్గర పెట్టండి. అంటుకోనంత మాత్రాన వెండి అనుకోవద్దు, ఇత్తడీ అంటుకోదు. బేడకాసులో, అంటే రెండణాల నాణెంలో, 1917 వరకే వెండి. 1918 నుంచి వచ్చిన నలుచదరపు బేడ రాగి, నికెల్ కలిపినది.

ఇక మన హైదరాబాదు హాలీ సిక్కా, అంటే నిజాం సర్కారు సొంత రూపాయి. చార్మినార్ బొమ్మతో యంత్రం మీద కొట్టిన రూపాయిలు హిజ్రీ 1321లో, అంటే 1903 ప్రాంతంలో మొదలయ్యాయి. చార్మినార్ వాకిట్లో ఒక ఉర్దూ అక్షరం కనిపిస్తుంది. అది ‘మీమ్’ అయితే మహబూబ్ అలీ ఖాన్ హయాం, ‘ఐన్’ అయితే ఉస్మాన్ అలీ ఖాన్ హయాం. బిళ్ల మీద నాలుగంకెల సంవత్సరం హిజ్రీది, శిస్తు లెక్కలకు వాడిన ఫసలీ కాదు. దాన్ని 0.97తో గుణించి 622 కలిపితే మన ఏడు వస్తుంది. ఉదాహరణకు 1343 అయితే 1924 లేదా 1925.

హాలీ రూపాయి బరువు 11.18 గ్రాములు, వెండి నూటికి 81.8 పాళ్లు. అసలు వెండి 9.14 గ్రాములన్నమాట. ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. ఆ రోజుల్లో 100 కల్దారు రూపాయిలకు హాలీ రూపాయిలు 116 రూపాయల 10 అణాల 8 పైలు (అణాకు 12 పైలు). కల్దారులోని 10.69ని హాలీలోని 9.14తో భాగించి చూడండి, 1.17 వస్తుంది. మారకం రేటు ఏ అధికారి చిత్తప్రకారమో పెట్టింది కాదు, వెండిని బట్టి కుదిరిందే! యుద్ధకాలంలో ఇక్కడా అదే కథ: హిజ్రీ 1361 నుంచి కొట్టిన హాలీ రూపాయిలో వెండి సగమే.

ఇంట్లోనే పరీక్షించే పద్ధతి చెబుతాను. గ్రాములో నూరో వంతు చూపే చిన్న త్రాసు కావాలి. పదో వంతు చూపేది పనికిరాదు. ముందు బిళ్లను పొడిగా తూచి రాసుకోండి. తర్వాత గ్లాసులో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. సన్నటి దారానికి బిళ్ల కట్టి, పూర్తిగా మునిగేలా నీళ్లలోకి వేలాడదీయండి. అడుగుకు, అంచులకు తగలకూడదు. త్రాసు చూపే అంకెతో పొడి బరువును భాగించండి. కల్దారు రూపాయికి త్రాసు 1.13 దగ్గర ఆగుతుంది, భాగిస్తే 10.3 వస్తుంది. మంచి హాలీ అయితే 10.2, సగం వెండిదైతే 9.5 ప్రాంతం. వెండే లేని జర్మన్ సిల్వర్ నకిలీ 8.7 దాటదు. బిళ్ల అరిగినా ఈ లెక్క చెడదు, ఎందుకంటే బరువుతో పాటు పరిమాణమూ తగ్గుతుంది. చెడగొట్టేవి గాలిబుడగలు. అక్షరాల సందుల్లో ఒక్క బుడగ ఇరుక్కున్నా అంకె పెరిగి, మంచి రూపాయి నకిలీలా తేలుతుంది. నీళ్లలో ఒక్క చుక్క గిన్నెలు తోమే ద్రవం కలిపితే బుడగలు వదులుతాయి.

గీటురాయి మీద గీయనివ్వొద్దు, అంచు మీద పడిన ఆ గీత మళ్లీ పోదు. దుకాణంలో వెండి పాళ్లు చూసే యంత్రం పైపొరనే చదువుతుంది, మందంగా వెండి పూసిన నకిలీని అది పట్టకపోవచ్చు.

సరే, వెండి లెక్క తేలింది. లెక్క తేలిక కోసం గ్రాము వెండి వంద రూపాయలనుకుంటే కల్దారు రూపాయి లోహపు ధర 1069 రూపాయలు. కరిగించేవాళ్లు ఇందులో తరుగు కోసుకుంటారు. సేకర్తలు ఇంతకంటే ఎక్కువ ఎప్పుడిస్తారు? పాతదైనంత మాత్రాన ఇవ్వరు. 1918 రూపాయి వందేళ్లు దాటింది, అయినా బజార్లో కొల్లలు. ఆ ఏడాది అమెరికా తన వెండి డాలర్లు కరిగించి మరీ ఇండియా టంకశాలలకు వెండి పంపింది. అదే 1939 రూపాయి అరుదు, అందుకే 1938లోని 8ని చెక్కి 9 చేసినవి తిరుగుతుంటాయి. ఆఖరి అంకె చుట్టూ లోహం గోకినట్టుందేమో భూతద్దంతో చూడండి. 1911 రూపాయికీ గిరాకీ ఉంది. రాజుగారి అంగీ మీది ఏనుగు పందిలా ఉందని గోల లేచి, ఆ రూపాయిలను వెనక్కి తీసుకుని కరిగించారు. విక్టోరియా రూపాయిల్లో 1862 తేదీ చూసి మోసపోకండి. అదే తేదీతో 1874 దాకా కొట్టారు. ఏ ఏటిదో చెప్పేవి వెనకవైపు చుక్కలే.

తేదీ తర్వాత చూసేది బిళ్ల స్థితి. దండలో గుచ్చడానికి టంకం పెట్టి కొక్కెం అతికిన రూపాయి, కొక్కెం తీసేసినా సేకర్తకు పనికిరాదు. అది వెండి లెక్కకే పోతుంది. అంతకంటే ఎక్కువ నష్టం చేసేది చింతపండు. పూజకు ముందు చింతపండు, ముగ్గు వేసి తోమితే తళతళలాడుతుంది నిజమే, కానీ దశాబ్దాల పాటు పట్టిన నలుపు ఛాయ పోయి, వెంట్రుకల్లాంటి గీతలు మిగులుతాయి. తోమిన బిళ్లను సేకర్త ఒక్క చూపులో పట్టేస్తాడు. పూజకు నాలుగు మామూలు రూపాయిలు విడిగా ఉంచుకుని, మిగతావి ముట్టుకోకపోవడం మేలు. అక్షరాల్లో కుంకుమ ఇరుక్కుంటే శుద్ధజలంలో రాత్రంతా నానబెట్టి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దండి. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో దాస్తే పచ్చటి జిగురు పడుతుంది. రబ్బరు బ్యాండు చుడితే అందులోని గంధకానికి నల్లగా చార పడుతుంది. పట్టుకునేటప్పుడు అంచు పట్టుకోండి.

రాముడు, హనుమంతుడి బొమ్మలతో 1818 అని, అర అణా అని ఉన్న రాగి బిళ్లకు లక్షలొస్తాయని ఫోన్లలో వస్తుంటుంది. ఈస్టిండియా కంపెనీవారు అలాంటి నాణెం వేయనే లేదు. పాత నాణేలు కొంటామంటూ ముందు రుసుము కట్టమనేవాళ్లు రిజర్వు బ్యాంకు పేరు వాడుకుంటున్నారు. ఆ బ్యాంకు తనకు సంబంధం లేదని 2021లోనే ప్రకటించింది.

విదేశాల్లో పిల్లలున్నవారికి ఒక మాట. నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. అమ్మమ్మ గుర్తుగా ఒక్క విక్టోరియా రూపాయిని అమెరికా తీసుకెళ్లినా అది నిషేధించిన ఎగుమతే. పంపాలని అంతగా ఉంటే 1940 తర్వాతి రూపాయి చూడండి. దానికైనా పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వేక్షణ శాఖ ఇచ్చే ధ్రువపత్రం దగ్గర పెట్టుకుంటే విమానాశ్రయంలో వాదించుకునే పని ఉండదు. నమస్కారం.