స్క్రీన్ కన్నా ముందు వైరు: మా బోటుకి ఎలక్ట్రానిక్స్ బిగిస్తున్నాం

హాయ్ అండీ, అందరూ బాగున్నారా. ఈ వీకెండ్ నీళ్ల మీద షికారు లేదు, బోటు ట్రైలర్ మీదే ఉంది, నేను డ్యాష్ కింద వెల్లకిలా పడుకుని మాట్లాడుతున్నాను. చార్ట్‌ప్లాటర్, అంటే దారి చూపే మ్యాపు స్క్రీన్, ఫిష్ ఫైండర్‌కి నీళ్లలోకి శబ్దం పంపి లోతు పట్టే ట్రాన్స్‌డ్యూసర్, మిగతా బోట్లతో, తీరంతో మాట్లాడే వీహెచ్ఎఫ్ రేడియో, మూడూ కొత్తగా బిగిస్తున్నాం. ఇక్కడ అమెరికాలో బోటు కొనుక్కున్న మనవాళ్లు ముందుగా అడిగేది ఏ స్క్రీన్ తీసుకోవాలి, ఎన్ని అంగుళాలది బాగుంటుంది అని. స్క్రీన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు బ్యాటరీ నుంచి డ్యాష్ దాకా వచ్చే వైరు చూడండి అంటాను నేను. స్క్రీన్ పాడైందని తెగ బాధపడే గొడవల్లో చాలా వరకు వైరు దగ్గరే తేలతాయి.

ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నాను. బోటుతో పాటు వచ్చిన పాత వైరు ఇది. పైన ప్లాస్టిక్ తొడుగు శుభ్రంగా ఉంది, ఒక అంగుళం ఒలిస్తే లోపల రాగి నల్లగా ఉంది, ఇంకో అంగుళం ఒలిచినా అదే నలుపు, వేలితో నలిపితే పోగులు పొడిపొడిగా రాలుతున్నాయి. ఉప్పు తేమ చివర్లోంచి దూరి, సన్న పోగుల మధ్య సందుల్లోంచి పాకుతూ లోపలికి పోతుంది. మెరైన్ వైరులో ప్రతి పోగుకీ తగరం పూత ఉండేది ఇందుకే, చిలుము అంత తొందరగా పట్టదు. ఇళ్లలో వాడే ఒంటి తీగ వైరు అసలు వద్దు, బోటు అదురుకి అది అలిసి విరుగుతుంది. కారు వైరు చాలు కదా అంటారు కొందరు, గేజ్ నంబరు (వైరు మందం చెప్పే అంకె, అంకె చిన్నదైతే వైరు లావు) ఒకటే అయినా కార్లకి వాడే ఎస్ఏఈ కొలత వైరులో రాగి, బోట్లకి వాడే ఏడబ్ల్యూజీ కొలత వైరు కన్నా కాస్త తక్కువే ఉంటుంది.

ఇప్పుడు వైరు మందం. కొంచెం లెక్క ఉంది, కానీ దీన్ని వదిలేస్తే మిగతా పనంతా వృథా. మా బ్యాటరీ వెనక ఉంది, అక్కడినుంచి డ్యాష్‌కి వైరు సుమారు 20 అడుగులు. కరెంటు పోవాలి, తిరిగి రావాలి, కాబట్టి 40 అడుగులు అని లెక్కేసుకోవాలి. వీహెచ్ఎఫ్ రేడియో 25 వాట్లతో మాట్లాడేటప్పుడు సుమారు 5 ఆంప్స్ లాగుతుంది. 16 గేజ్ వైరు వేస్తే దారిలోనే దాదాపు 0.8 వోల్టు పోతుంది, 12 గేజ్ వేస్తే 0.3 చిల్లర. అమెరికాలో బోట్ల వైరింగ్‌కి అందరూ చూసుకునే ఏబీవైసీ ప్రమాణాల ప్రకారం నావిగేషన్ ఎలక్ట్రానిక్స్ లాంటి ముఖ్యమైన వాటికి ఈ నష్టం 3 శాతం దాటకూడదు, అంటే 12 వోల్టుల మీద 0.36. అందుకే 12 గేజే వేస్తున్నాను. మామూలు రోజుల్లో సన్న వైరుతో కూడా అన్నీ వెలుగుతాయి, అదే మోసం. బ్యాటరీ కాస్త దిగి ఉన్న రోజున, సరిగ్గా గట్టిగా మాట్లాడాల్సిన సమయంలో, రేడియో మైక్ నొక్కగానే ఆగిపోతుంది.

ఫ్యూజు గురించి ఒక్క మాట. ఫ్యూజు పరికరాన్ని కాపాడటానికే అనుకుంటారు, పెద్ద ఫ్యూజు పని వైరు కాలిపోకుండా చూడటం. అందుకే అది డ్యాష్ దగ్గర కాదు, బ్యాటరీ దగ్గర ఉండాలి, మామూలుగా 7 అంగుళాల లోపు. ఆ ఫ్యూజుకి ముందున్న వైరు ఎక్కడైనా రాసుకుపోయి షార్ట్ అయితే ఆపేవాళ్లు ఎవరూ లేరు, నీళ్ల మధ్య మంట అంటే పరిగెత్తడానికి చోటు ఉండదు. డ్యాష్ వెనక ఒక్కో పరికరానికి వాళ్ల మాన్యువల్‌లో చెప్పిన చిన్న ఫ్యూజు వేరే. బోటు అడుగున చేరే నీళ్లని తోడే బిల్జ్ పంపుని, నీళ్లు పెరగగానే ఆన్ చేసే ఫ్లోట్ స్విచ్ మాత్రం మెయిన్ స్విచ్‌తో పని లేకుండా సొంత ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకే కలపాలి, మనం లేనప్పుడే కదా అది పనిచేయాల్సింది.

నెగటివ్‌కి నేను పసుపు వైరు వేస్తున్నాను, నలుపు కాదు. రేవులో కరెంటు ప్లగ్ పెట్టుకునే బోట్లలో నల్ల వైరు అంటే 120 వోల్టుల లైవ్ అయ్యే అవకాశం ఉంది, రేపు ఇంకెవరో ఇందులో చెయ్యి పెడతారు.

క్రింపింగ్, అంటే వైరు చివరికి లోహపు టెర్మినల్ నొక్కి బిగించడం, నిదానంగా చూడండి. వైరు చివర ఒలిచాక ఒక్క పోగు కూడా తెగకూడదు. టెర్మినల్‌లో పూర్తిగా దూర్చి రాచెట్ క్రింపర్‌తో నొక్కాలి, అది పూర్తిగా నొక్కుకునేదాకా వదలదు, ప్లయర్‌తో నలిపితే ఆ భరోసా ఉండదు. తర్వాత గట్టిగా లాగాలి. ఊడి వచ్చేదేదో ఇక్కడే రానివ్వండి. ఆ పైన లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్, హీట్ గన్ తిప్పుతూ వేడి చేస్తుంటే ట్యూబు ముడుచుకుని, రెండు చివర్లా తేనెరంగు జిగురు చిన్న రింగులా బయటికి వస్తుంది, అదిగో, వచ్చింది చూశారా. ఆ రింగు కనిపిస్తే నీళ్లకి దారి మూసుకున్నట్టే. సోల్డరింగ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, సోల్డర్ ఆగిన చోట వైరు బిరుసెక్కి అదురుకి అక్కడే తెగుతుంది.

ఇక ఎన్‌ఎంఈఏ 2000 నెట్‌వర్క్. బోటులోని పరికరాలు ఒకదానితో ఒకటి సమాచారం పంచుకునే ఏర్పాటు ఇది, పేరు చూసి టెన్షన్ పడక్కర్లేదు. మధ్యలో వెన్నెముక లాంటి ఒక ప్రధాన కేబుల్, దానికి టీ కనెక్టర్లు, ఒక్కో టీ నుంచి ఒక్కో పరికరానికి 6 మీటర్లు దాటని చిన్న కేబుల్. ప్రధాన కేబుల్ రెండు చివర్లా 120 ఓమ్స్ టర్మినేటర్ (చివర బిగించే రెసిస్టర్) తప్పనిసరి. ముందు ఒక్క టర్మినేటర్ మాత్రమే పెట్టి కొలుస్తున్నాం, మల్టీమీటర్ మా ఆవిడ చేతిలో ఉంది.

"పవర్ ఆఫ్‌లోనే ఉందిగా?"

"ఆఫ్‌లోనే ఉందండీ. తెల్ల పిన్నుకీ నీలం పిన్నుకీ మధ్య 120 చూపిస్తోంది."

ఇప్పుడు రెండోది బిగించాను.

"ఏవండీ, 60కి వచ్చింది."

అంతే. 60 వస్తే నెట్‌వర్క్ సరిగ్గా ఉన్నట్టు. 120 వస్తే ఒక టర్మినేటర్ లేనట్టు, 40 వస్తే ఎవరో మూడోది కూడా తగిలించినట్టు. పరికరాలు ఒకదానికొకటి కనిపించడం లేదని డబ్బాలు విప్పి తిరిగి పంపే ముందు ఈ ఒక్క రీడింగ్ చూసుకోండి.

వీహెచ్ఎఫ్ రేడియోకి జీపీఎస్ సమాచారం అందేలా తప్పకుండా కలపండి, దీని మీద నేను గట్టిగానే మాట్లాడతాను. ఎర్ర డిస్ట్రెస్ బటన్ నొక్కితే డీఎస్సీ (రేడియో తనంతట పంపే డిజిటల్ సందేశం) ద్వారా మీ బోటుని గుర్తుపట్టే 9 అంకెల ఎంఎంఎస్ఐ నంబరుతో పాటు మీరు ఎక్కడ ఉన్నారో కూడా వెళ్లాలి. జీపీఎస్ లేకపోతే ఎవరో ఆపదలో ఉన్నారని తెలుస్తుంది, ఎక్కడున్నారో తెలియదు. నంబరు ఎక్కించేటప్పుడు ఇద్దరూ కలిసి చదువుకోండి, చాలా రేడియోల్లో దాన్ని మార్చే అవకాశం ఒకటి రెండుసార్లకి మించి ఉండదు, తర్వాత కంపెనీకి పంపాల్సిందే. యాంటెన్నా కేబుల్‌ని పదునుగా మడవకండి, ట్రాన్స్‌డ్యూసర్ కేబుల్‌తో కలిపి కట్టకండి, స్క్రీన్ మీద గీతలు గీతలుగా వస్తుంది.

దిక్సూచి ఉంటే రేడియో స్పీకర్ దానికి దూరంగా పెట్టాలి, లోపల అయస్కాంతం ఉంటుంది. ఎంత దూరమో మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. దిక్సూచి పక్కనుంచి వెళ్లే పాజిటివ్, నెగటివ్ వైర్లని ఒకదానికొకటి మెలిపెట్టి వేస్తే కరెంటు వల్ల సూది మీద పడే ప్రభావం చాలా వరకు తగ్గుతుంది. అన్నీ ఒక్కొక్కటిగా ఆన్ చేస్తూ సూది కదులుతోందా చూడండి.

చివరగా పరీక్ష. రేడియో మైక్ నొక్కి పట్టుకుని, రేడియో వెనక వోల్టేజీ ఎంత, అదే సమయంలో బ్యాటరీ దగ్గర ఎంత అని రెండు చోట్లా కొలుస్తున్నాం. బ్యాటరీ దగ్గర 12.5, ఇక్కడ 12.2. మా లెక్కకి దగ్గరగానే ఉంది. ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు స్క్రీన్ ఆరి మళ్లీ వెలగడం లేదు, అది కూడా బాగుంది.

ట్రాన్స్‌డ్యూసర్ ఒక్కటి మాత్రం పూర్తిగా బిగించలేదు. బోటు వేగంగా వెళ్తుంటే దాని కింద బుడగలు చేరి లోతు కనిపించకుండా పోవచ్చు, ఎత్తు, వంపు ఎంత ఉండాలో నీళ్లలో పరిగెత్తిస్తేనే తెలుస్తుంది. అందుకే బ్రాకెట్ బోల్టులు గాడి మధ్యలో ఉంచి, పైకీ కిందికీ జరిపేందుకు సరిపడా కేబుల్ వదులుగా కట్టాను. నీళ్లలోకి దింపాక దాన్ని సర్దేది వచ్చే వీడియోలో చూపిస్తాను.