బ్రాకెట్లో మిగిలిన పేరు

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో కూర్చుని అప్పుడే వాచీ చూసుకుంటున్న మా పాత గోల్‌కీపర్‌కు నమస్కారం. కోచ్ రహీమ్ సాబ్ పేరెత్తకుండా మనవాళ్ళ సభల్లో ఫుట్‌బాల్ మాట్లాడితే ఒప్పుకోరు కాబట్టి ఆయనకూ, 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకూ ఒక దండం.

మాలీ దేశపు ఫుట్‌బాల్ గురించి ఇరవై నిమిషాలు చెప్పమన్నారు. చెబుతాను. కానీ వచ్చే ఆదివారం మన రెండు క్లబ్బుల విలీనం మీద ఓటింగు ఉంది. అది మీకూ తెలుసు, నాకూ తెలుసు.

కరెంటు లైన్ల పని మీద నేను మాలీ రాజధాని బమాకోలో నాలుగేళ్ళు ఉన్నాను. ఆ దేశం ఒకప్పటి ఫ్రెంచి సూడాన్. 1960 జూన్‌లో సెనెగల్‌తో కలిసి ఒకే దేశంగా స్వాతంత్ర్యం తెచ్చుకుంది. సరిగ్గా రెండు నెలలకు తగువొచ్చి సెనెగల్ వేరుపడింది. సెప్టెంబర్ 22న మిగిలిన భాగం మాలీ రిపబ్లిక్ అయింది. కాపురం చెడిన ఆ ఏడాదే బమాకోలో క్లబ్బులు ఒక్కటయ్యాయి. జాన్ దార్క్, ఎస్పరాన్స్ కలిసి స్టాడ్ మాలియన్ అయ్యాయి. ఆఫ్రికా స్పోర్ట్స్, ఫోయే ద్యు సూడాన్ కలిసి జోలిబా అయ్యాయి.

ఇక్కడ కాస్త ఆగండి. నాలుగు పేర్లలో ఒక్కటీ మిగల్లేదు. ఒకరు దేశం పేరు పెట్టుకున్నారు, ఇంకొకరు నది పేరు. మనం నైజర్ అంటామే, ఆ నదిని అక్కడివాళ్ళు జోలిబా అంటారు. ఊరి మధ్యలోంచే పారుతుంది. నది మీద ఎవరికి కోపం ఉంటుంది చెప్పండి? నా పేరు తీసేసి నీ పేరు ఉంచారని అనే అవకాశం ఎవరికీ లేకుండా పోయింది.

అలాగని అందరూ కలిసిపోయి భజన చేసుకున్నారనుకోకండి. జోలిబా వాళ్ళ రంగు ఎరుపు, స్టాడ్ వాళ్ళ రంగు తెలుపు. మా డ్రైవర్ జోలిబా. మ్యాచ్ రోజు కారు అద్దం దగ్గర ఎర్ర తువ్వాలు పరిచేవాడు. మా కాంట్రాక్టర్ ఇల్లు దగ్గరపడగానే దాన్ని మడిచి సీటు కింద దాచేవాడు, ఆయన స్టాడ్ మనిషి. 1970ల్లో జోలిబా అధ్యక్షుడు తియెకోరో బగయోకో. మిలటరీ ప్రభుత్వంలో పోలీసు పెద్ద కూడా ఆయనే! ఆ రోజుల్లో రిఫరీకి ఎంత టెన్షన్ ఉండేదో ఊహించుకోండి.

ఆ వైపే ఉన్న ఘనాలో ఇంకో రకం. 1961లో అధ్యక్షుడు ఎన్‌క్రూమా ప్రభుత్వం రియల్ రిపబ్లికన్స్ అని ఒక జట్టు పెట్టి, మిగతా క్లబ్బుల్లోని మంచి ఆటగాళ్ళను తెచ్చి అందులో వేసింది. కప్పులు బాగానే గెలిచారు. 1966లో ఎన్‌క్రూమాను దించేయగానే ఆ జట్టూ పోయింది. కోసుకొచ్చిన పూలకు వేర్లెక్కడివి?

సాలిఫ్ కెయిటా గురించి చెప్పకుండా వదలను. బమాకో కుర్రాడు, రియల్ బమాకోలో ఆడేవాడు. 1967లో ఫ్రాన్స్‌లో సెంట్ ఎతియెన్ క్లబ్బు పిలిస్తే పారిస్‌లో విమానం దిగాడు. తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. ఊరు కొత్త, చలి. నేరుగా టాక్సీ ఎక్కి సెంట్ ఎతియెన్ పోనిమ్మన్నాడు. ఐదొందల కిలోమీటర్ల పైమాట! మన లెక్కలో సికింద్రాబాద్‌లో ఆటో ఎక్కి, విజయవాడ దాటాక కూడా ఇంకా పోనీ అన్నట్టు. మీటరు తిరుగుతూ ఉంటే డ్రైవర్ ఎన్నిసార్లు వెనక్కి తిరిగి చూసి ఉంటాడో! 1970లో ఆఫ్రికా ఉత్తమ ఆటగాడి అవార్డు మొట్టమొదట ఇచ్చింది అతనికే. సరే, ఇదంతా ఎందుకు చెప్పాను? ఆ... టాక్సీ డబ్బులు. క్లబ్బు కట్టింది. కుర్రాణ్ణి దారిలో దింపేయలేదు.

మమ్మల్ని దింపేశారు. ఇక్కడున్న కుర్రాళ్ళకు ఈ కథ తెలీదు. మా ఊళ్ళో మా జట్టును పెద్ద క్లబ్బులో కలిపినప్పుడు, మీ పేరు బ్రాకెట్లో ఉంటుందని మాటిచ్చారు. మొదటి ఏడాది లెటర్‌హెడ్ మీద ఉంది. రెండో ఏడాది ప్రెస్ వాడు లైను పట్టడం లేదన్నాడట, బ్రాకెట్ తీసేశారు. అంతే! ఒక్కరూ మీటింగ్ పెట్టలేదు, ఓటు అడగలేదు. ఆ జట్టు బనీన్లకు మా అమ్మ పెద్ద డేగిసాలో ఆకుపచ్చ రంగు కాచి, పదమూడు బనీన్లు కర్రతో తిప్పుతూ ముంచింది. మొదటి మ్యాచ్‌లోనే వాన పడి రంగంతా నిక్కర్ల మీదికి కారింది. మూడు రోజులు చేతులు పచ్చగా ఉండి అమ్మ పేరంటానికి కూడా వెళ్ళలేదు. ఆ పేరు పోయింది, లైను పట్టలేదని!

బాబూ, మైకు తీయకు, అయిపోవస్తోంది.

విలీనం వద్దని నేను అనడం లేదు. గ్రౌండు అద్దె కట్టలేక రెండు జట్లూ చస్తున్నాయి, నాకు తెలుసు. ఆదివారం కాగితం మీద సంతకం పెట్టే ముందు పేరు సంగతి తేల్చండి. మీదీ కాదు, మాదీ కాదు, మూడోది పెట్టండి. చెరువు పేరు పెడతారో, గుట్ట పేరు పెడతారో మీ ఇష్టం.

మా పాత జట్టు రిజిస్టరు సంచిలో తెచ్చాను, ఈ బల్ల మీద పెడుతున్నాను. చెదలు కొట్టింది, మెల్లగా తిప్పండి. మీలో కొందరి నాన్నగార్ల సంతకాలు అందులో ఉన్నాయి. గోల్‌కీపర్ గారూ, మీ ఐదు రూపాయల చందా బాకీ కూడా ఉంది.