ఎమర్జెన్సీ విభాగంలో ముందుగా ఎవరిని చూడాలి?

(దృశ్యం: ఎమర్జెన్సీ విభాగం ద్వారం, పక్కనే బల్ల)

నమస్కారం. గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లే అరవై ఏళ్ల మహిళ ఒకరు, పొద్దుటి నుంచి ఆయాసంగా, దవడ లాగుతున్నట్లుగా ఉందని కోడలిని వెంటబెట్టుకొని ఆటోలో ఆసుపత్రికి వచ్చారనుకుందాం. అదే సమయానికి వేలు తెగిన యువకుడిని నలుగురైదుగురు స్నేహితులు తీసుకువచ్చారు. వారిలో ఒకరి ఫోనులో అప్పటికే ఎవరో పెద్దమనిషి మాట్లాడుతున్నారు. రక్తం కంటికి కనిపిస్తుంది, సిఫారసు చెవికి వినిపిస్తుంది. ఆమె నుదుటి చెమట మాత్రం ఎండ వల్లనే అనిపిస్తుంది. "గ్యాస్ అయి ఉంటుంది, కాసేపు కూర్చోమ్మా" అంటారు, ఆమె కూర్చుంటారు.

గుండెపోటు వచ్చినప్పుడు స్త్రీలలోనూ, మధుమేహం ఉన్నవారిలోనూ ఛాతీనొప్పి స్పష్టంగా లేకుండా ఆయాసం, దవడ నొప్పి, వికారం మాత్రమే కనిపించే అవకాశం ఎక్కువ. గుండెపోటు అనుమానం ఉన్న రోగికి వచ్చిన 10 నిమిషాల్లోపు ఈసీజీ తీసి, దాన్ని వైద్యుడు చూడాలన్నది వైద్య ప్రమాణం. ఆ బల్ల మీద గడిచే కాలాన్ని ఈ లెక్కతో చూడాలి.

(దృశ్యం: ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పట్టీలు)

రోగుల వరుసను ప్రాణాపాయాన్ని బట్టి నిర్ణయించడాన్ని ట్రయాజ్ అంటారు. నెపోలియన్ సైన్యంలోని శస్త్రవైద్యుడు డొమినిక్ లారే, హోదాతో నిమిత్తం లేకుండా గాయం తీవ్రతను బట్టే సైనికులకు చికిత్స చేసేవారు. ముందు వచ్చినవారిని ముందు చూడటం న్యాయంగానే అనిపిస్తుంది కానీ, ఇక్కడ అది న్యాయం కాదు. శిక్షణ పొందిన నర్సు ద్వారం దగ్గరే నాడి, బీపీ, శ్వాస, ఆక్సిజన్, స్పృహ చూసి, వెంటనే చూడవలసినవారికి ఎరుపు, కొంత ఆగగలవారికి పసుపు, ఇంకా ఆగగలవారికి ఆకుపచ్చ అని పట్టీ రంగు నిర్ణయిస్తే, ఎవరి మాట పెద్దది అన్న ప్రశ్నకు తావు తగ్గుతుంది. వేచి ఉన్నవారిని మధ్యమధ్యలో తిరిగి పరీక్షించడం కూడా ఇందులో భాగమే. పసుపు ఎరుపుగా మారడానికి ఎంతోసేపు పట్టదు.

అత్యవసర స్థితిలో ఉన్నవారికి పోలీసు లాంఛనాల కోసం చికిత్స ఆపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే, పరమానంద్ కటారా కేసులో స్పష్టం చేసింది. 2005లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన 108 వాహనాలు రోగిని ఆసుపత్రి గుమ్మం వరకు చేర్చగలవు. గుమ్మం దాటాక జరిగేదే మన ప్రశ్న.

(దృశ్యం: రిజిస్టరు పుట, గోడ గడియారం)

నా దృష్టిలో అసలు కీలకం రిజిస్టరులో ఉంది. సమయాన్ని చీటీ రాసినప్పటి నుంచి లెక్కిస్తే, అంతకుముందు బల్ల మీద గడిచిన కాలం ఏ కాగితంలోనూ కనిపించదు. పైగా అందరినీ కలిపి తీసిన సగటు బాగానే ఉండవచ్చు. దానినే స్త్రీలు, పురుషులు, వృద్ధులు, ఆటోలో వచ్చినవారు, అంబులెన్సులో వచ్చినవారు, తెలుగు రాక ఒడియాలోనో హిందీలోనో బాధ చెప్పుకున్న వలస కార్మికులు అని విడదీసి చూసినప్పుడే, ఎవరు ఎక్కువసేపు కూర్చోవలసి వచ్చిందో బయటపడుతుంది. నాణ్యత వేరు, సమానత వేరు అనుకోవడం నాకు సరికాదనిపిస్తుంది: ఆమెకు ఆలస్యంగా తీసిన ఈసీజీ ఏ కొలతతో చూసినా నాసిరకం వైద్యమే.

ఇందుకు కొత్త యంత్రాలు అక్కరలేదు. గుమ్మంలో అడుగుపెట్టగానే రోగి చేతికి కట్టే పట్టీ మీద గంట, నిమిషం రాయాలి. ఈసీజీ కాగితం మీద కూడా అలాగే రాయాలి. నెలకొకసారి వైద్యులు, నర్సులు, స్ట్రెచర్ తోసే సిబ్బంది కలిసి కూర్చొని ఆ రెండు సమయాల మధ్య తేడాను వరుసగా చదవాలి.